గోడకు ఆ పక్క

నిన్న పక్కింటివాళ్ల మనుమడిని తొట్లెలో వేశారు. మేము మిర్యాలగూడకు వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇంకా ఎవరితోనూ పెద్దగా పరిచయం లేదు. పిలిచారు కదా అని పాపను చంకన వేసుకుని వెళ్లి గడప దగ్గర, గాలి ఆడే చోట కూర్చున్నాను. ఎవరైనా దగ్గితే పాపను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకోవడం నాకు అలవాటైపోయింది. లోపల ఒకామె పాట ఎత్తుకుంది. మిగతావాళ్లు ఉయ్యాలో అంటున్నారు. పాప ముక్కు తుడుస్తూ నేను సరిగా వినలేదు. ఉన్నట్టుండి పాటలో పాలు పొంగాయి.

పాలు పొంగిపాయె ఉయ్యాలో
పరుగున రావమ్మ ఉయ్యాలో

చేతిలోని తాంబూలం పళ్లెం అలాగే ఉండిపోయింది. ఆ పాలు నావి. పోయిన ఎండాకాలం సూర్యాపేటలో, నా పొయ్యి మీద పొంగిన పాలు.

ఇప్పుడు ఇల్లు సద్దుమణిగింది. పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి వచ్చి, దీపం తగ్గించుకుని రాస్తున్నాను. ఆ పాట కట్టినామె గురించి ఎక్కడా ఎవరూ రాయలేదు. నేను రాస్తున్నాను గాని పేరు రాయను. ఆమె పేరు బయట చెప్పకపోవడం మా వైపు ఊళ్లలో కట్టుబాటులాంటిది.

ఆమెను మొదటిసారి చూసింది కోదాడలో, మా పుట్టింటి వాకిట్లో. అప్పుడు నేను పట్నంలో కాలేజీ చదువుతూ సెలవులకు వచ్చాను. బతుకమ్మల రోజులు. ఎవరింటికో చుట్టంగా వచ్చిందట. బక్క మనిషి. నల్లటి ముఖం, కొంచెం ముందుకు వచ్చిన పళ్లు. దవడలో ఎప్పుడూ ఒక కరక్కాయ ముక్క. పాడే ముందు దాన్ని నోట్లోంచి తీసి కొంగు చివర ముడి వేసుకునేది. పాట అయిపోయాక ముడి విప్పి మళ్లీ దవడలో పెట్టుకునేది. ఆ ముడి పడిందంటే చాలు, వాకిట్లో ఆడవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు.

పాడుతూ వలయం చుట్టూ ఒక్కొక్కరి ముఖంలోకి చూసేది. ఉయ్యాలో అనని వాళ్లను పట్టేయడం ఆమెకు సరదా. నన్ను పట్టేసింది.

"ఏం పిల్లా, నోట్లె ముత్యాలున్నయా? రాల్తయని భయమా?"

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "నాకు గొంతు బాగోదండీ," అన్నాను. నిజమే. బడిలో ప్రార్థన పాడేటప్పుడు పంతులమ్మ నన్ను వెనక వరసలో నిలబెట్టి, ఊరికే పెదవులు కదపమనేది.

"అండీ గిండీ ఏంది, కోదాడ మాటలు! బెజవాడ గాలి బాగ కొట్టినట్టున్నది మీకు," అంది. తర్వాత దగ్గరికి వచ్చి, మెల్లగా, నాకొక్కదానికే వినపడేటట్టు అంది: "గొంతు బాగలేనోళ్లే కావాలె నాకు. గొంతు బాగున్నోళ్లు పాట ఇనరే. వాళ్ల గొంతు వాళ్లే ఇనుకుంటరు."

ఆ సాయంత్రం ఉయ్యాలో అన్నాను. ఎవరికీ వినపడకుండా అన్నాను.

తర్వాతి రెండు మూడేళ్లలో ఆమె పాటలు ఆమె కంటే ఎక్కువ ఊళ్లు తిరిగాయి. దొర గడీలో వెట్టి గురించి, లెవీ కింద తీసుకుపోయే గింజల గురించి, పుట్టింటికి పోనివ్వని అత్త గురించి కూడా. నిడమనూరు పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్లు, సూర్యాపేట సంతలో కూరగాయలమ్మే వాళ్లు, కోదాడలో మా వదిన, అందరూ అవే పాడేవాళ్లు. పాట ఎవరు కట్టారని నవాబు జవాన్లు ఊళ్లమీద పడి అడగడం మొదలుపెట్టాక, ఎవరు చెప్పిపెట్టారో గాని, ప్రతి ఊళ్లోనూ ఆడవాళ్లు ఒకే జవాబు చెప్పేవాళ్లు: మా అమ్మమ్మ పాడేది.

ఈ సంగతి చాలాకాలం తర్వాత ఆమే నాకు చెప్పింది, గోడకు అవతల నుంచి.

"జమేదారు గొంగడేసుకొని కూసున్నడంట చెల్లె. ఒక్కొక్కదాన్ని పిలిచి అడిగిండు. మా అమ్మమ్మ, మా అమ్మమ్మ. అందరిదీ అదే మాట. వానికి పిచ్చి లేచింది. 'లెవీ వచ్చింది నిరుడు, మీ అమ్మమ్మ సచ్చి ఇరవయ్యేండ్లాయె, ఆమెకెట్ల తెల్సే?' అన్నడంట. ఓ ముసల్ది ఏమన్నదో తెల్సా? 'మా అమ్మమ్మకు ముందే తెల్సు దొరా, మీ అసుంటోళ్లు వస్తరని.'"

చెప్పి నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగేదాకా నేను గోడకు ఇవతల నిలబడే ఉన్నాను.

గోడ సంగతి చెప్పాలి. పెళ్లయ్యాక నేను సూర్యాపేటలో కాపురం పెట్టాను. ఈయన సర్కారు బడిలో పంతులు. కిరాయి ఇల్లు. పెరట్లో ఒక మట్టిగోడ. దానికి అవతల వెనక వీధివాళ్ల గొడ్ల కొట్టం. కొట్టానికి అటువైపు ఖాళీ మైదానం. మిర్యాలగూడ మిల్లుకు వడ్లు తోలుకుపోయే బండ్లు అక్కడ ఎడ్లను విడిచి, వండుకు తిని, కాసేపు పడుకుని పోయేవి. నవాబు రాజ్యం పోయి, మిలిటరీ వచ్చి, ఊళ్లలో ఎవరు ఎవరో తెలియని రోజులు. పాప పుట్టి నాలుగైదు నెలలై ఉంటుంది. పగలూ రాత్రీ ఏడుపే. నాకు నిద్ర లేదు. చదువుకున్న పుస్తకాల్లో ఉన్న జబ్బులన్నీ ఒక్కొక్కటే పాపకు వచ్చినట్టు కలలు.

ఒకరోజు మధ్యాహ్నం పాపను ఊపుతుంటే గోడకు అవతల నుంచి ఎవరో అన్నారు:

"ఎవరమ్మా ఆ తల్లి? బిడ్డ కంటె నువ్వే ఎక్కువ ఏడుస్తున్నట్టున్నవ్."

గొంతు బొంగురుపోయింది. అయినా పోల్చుకున్నాను. "అక్కా, నువ్వా?" అని ఆమె పేరు పిలిచాను.

"పేరు తీయకు," అంది వెంటనే. "ఎవరవే నువ్వు?"

"కోదాడలో... ముత్యాలు..."

"అగో! నోట్లె ముత్యాల పిల్లా! తల్లివైనవా?"

ఆమెకు క్షయ. ఆ వెనక ఇల్లు వాళ్ల అన్నది. ఊళ్లు తిరిగి తిరిగి, రోగంతో వస్తే అన్న వెళ్లగొట్టలేదు. ఇంట్లోకీ రానివ్వలేదు. కొట్టంలో ఒక మూల గొడ్లను ఖాళీ చేసి మంచం వేశారు. వదిన పొద్దునా సాయంత్రం గడప బయట కంచం పెట్టి, తలుపు తట్టి వెళ్లిపోయేది. దవాఖానలో డాక్టరు ఎవరినీ దగ్గరికి పోవద్దన్నాడు. ఆమెకు పెళ్లయిందని కొందరు, మొగుడే వదిలేశాడని కొందరు అనగా విన్నాను. నేను అడగలేదు. నాకు తెలిసిందల్లా ఆ గొంతే.

ఆ సాయంత్రమే పాప తొట్లెను గోడ పక్క నుంచి తీసి, ఇంటికి అటు చివర, వీధి కిటికీ దగ్గర కట్టించాను. మర్నాడు ఆమెకు ఏం చెప్పాలా అని సంకోచిస్తూ పెరట్లోకి వచ్చాను. ఆమే ముందు అంది:

"తొట్లె జరిపినవ్ గద?"

"ఎలా తెలిసింది అక్కా?"

"ఏడుపు దూరమైంది. మంచిపని చేసినవ్. ఇటు దిక్కు గాలి బిడ్డకు సోకనియ్యకు. నువ్వు కూడ గోడకు ఆనకు. జర అటు నిలబడి మాట్లాడు."

అప్పటి నుంచి రోజూ పాప కునుకు తీసే వేళకు పెరట్లోకి వచ్చి, బావి చప్టా మీద కూర్చునేదాన్ని. ఊళ్లకు ఊళ్లు ఆమె వెంట ఉయ్యాలో అన్నాయి. ఇప్పుడు ఆమె గడప తొక్కే మనిషి లేదు. అదేమీ ఆమెను బాధపెట్టినట్టు కనిపించలేదు. ఒక్కటే బాధ. పాట రావడం లేదు.

"నా పాట ఒక్కదాన్నే కూసుంటె రాదే చెల్లె. నేనో మాట అంటె అవుతలోళ్లు ఉయ్యాలో అనాలె. వాళ్లు అనేటి ఆ గడియలనే నాకు ముందటి మాట దొరుకుతది. అనేటోళ్లు లేకుంటె ఆన్నే ఆగిపోత. ఈ గొడ్లకు అనొస్తదా?"

"నేనంటాను," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"నువ్వా! ముత్యాలు రాల్తయి గద?"

ఏం పాట కడతావని అడిగాను. నీ బిడ్డకే అంది. బిడ్డను చూడలేదు కదా అన్నాను. "చెప్పు మరి. ఎట్లుంటది?"

చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. రోజంతా చూసే ముఖం నోటికి రాలేదు. కళ్లు పెద్దవి అన్నాను. అందరు పిల్లలకూ పెద్దగానే ఉంటాయి అంది. ముక్కు?

"ముక్కు మా ఆయనది."

"అయ్యో పాపం!" అంది. నేను నవ్వాను. ఆ ఇంట్లో, ఆ ఎండాకాలంలో, నేను నవ్వడం అదే మొదటిసారి కావచ్చు.

అలా మొదలైంది.

గోడకు ఆ పక్క ఉయ్యాలో
గోరంత బిడ్డుంది ఉయ్యాలో
సూడని బిడ్డమ్మ ఉయ్యాలో
సుక్కోలె ఉన్నదట ఉయ్యాలో

రోజుకు ఒక చరణం. కొన్ని రోజులు అదీ లేదు. ఆమె ఒక ముక్క అని ఆగేది. నేను ఉయ్యాలో అనేదాన్ని. అటు నుంచి ఊపిరి చప్పుడు. నేను భయపడేదాన్ని. అప్పుడు మాట వచ్చేది.

"జర గట్టిగ అను," అనేది ఎప్పుడూ.

"వినపడటం లేదా అక్కా?"

"నాకినపడుతది. గట్టిగ అను."

సిగ్గు. ఇంట్లో ఆడమనిషి పట్టపగలు పెరట్లో కూర్చుని ఉయ్యాలో అంటే చుట్టుపక్కల ఏమనుకుంటారు? అయినా కొంచెం పెంచేదాన్ని. తన కోసమే అడుగుతోంది అనుకునేదాన్ని.

పాలు పొంగింది అప్పుడే. ఆమె చరణం అందుకుంది, నేను వంత పాడాలి. ఇంతలో మాడు వాసన. "పాలు పొంగిపాయె!" అని కేక పెట్టి వంటింట్లోకి పరుగెత్తాను. గిన్నె దించి, పొయ్యి తుడిచి, పాప లేవలేదని చూసుకుని తిరిగి వచ్చేసరికి ఆమె దాన్ని పాటలో కట్టేసి కూర్చుంది.

"అక్కా, అది తీసెయ్యి. బాగోలేదు. జోలపాటలో పాలు పొంగడమేంటి?"

"నువ్విచ్చిన మాట నువ్వే గుంజుకుంటవా? గది నాకు దొరికిన మాట. నీకు మల్ల ఇయ్య."

ఎండలు ముదిరాయి. ఆమె గొంతు రోజురోజుకూ సన్నగిల్లింది. ఒక మధ్యాహ్నం పాట ఊసు లేకుండా అడిగింది: "నేను పోయినంక ఈ పాట ఎవరు ఎత్తుకుంటరు చెల్లె?"

ఆ పాట మొత్తం విన్నది లోకంలో నేనొక్కదాన్నే అనుకున్నాను. నాకా పాడటం రాదు. నలుగురిలో నోరు తెరవలేని మనిషిని. ఆమె మిగతా పాటలకు ఊళ్లున్నాయి. దీనికి నేను తప్ప ఎవరున్నారు? ఆమెతోపాటే ఇదీ పోతుంది. అది ఆమెకూ తెలుసనే అనుకున్నాను.

"పాట ఎత్తుకునేటోళ్లు లేకుంటె నేను ఉట్టిగనే దగ్గి సచ్చినట్టు," అంది.

"నేను పాడతాను," అన్నాను. అబద్ధం చెబుతున్నట్టే ఉంది నాకు.

"ఎవరన్న అడుగుతరు, ఎవరు కట్టిన్రని. ఏం చెప్తవ్?"

"నీ పేరు చెబుతాను. ఇప్పుడు నవాబు లేడు కదా."

"నవాబు లేకుంటె వేరేటోళ్లున్నరు. గదీగాక, అన్ని ఊర్లు నా పేరు దాసిపెట్టినయ్. దెబ్బలు తిన్నరు గని చెప్పలె. నువ్వొచ్చి బయటేస్తవా? మీ అమ్మమ్మ అను."

"మా అమ్మమ్మకు పాటలు రావు అక్కా. పోయింది కూడా."

"పోయింది గద, ఇంకేంది? సచ్చినోళ్లకు అన్నొస్తయ్."

చివరి చరణం గొంతుతో కాదు, ఊపిరితో చెప్పింది. బండ్లు ఏవీ లేని మిట్టమధ్యాహ్నం. వినడానికి నేను గోడ దాకా వెళ్లాను. గోడకు ఆనవద్దని ఆ రోజు అనలేదు.

నడక వచ్చినాక ఉయ్యాలో
నా దిక్కు రావమ్మ ఉయ్యాలో

నేను ఉయ్యాలో అన్నాను. తర్వాతి మాట కోసం చూశాను. రాలేదు. నిద్రపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున వదిన కంచం పెట్టి తలుపు తట్టిన చప్పుడు విన్నాను. మళ్లీ తట్టింది. మళ్లీ. తర్వాత ఏడుపు.

పాపను ఎత్తుకుని వీధి కిటికీ దగ్గర నిలబడ్డాను. మా వీధిలోంచే తీసుకుపోయారు. మోసేవాళ్లు, అన్న. వెనక ఇద్దరు ముసలివాళ్లు. ఒక్క పాట లేదు. అన్న ఎవరికీ కబురు పంపలేదు. పంపడానికి భయం. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి. పాడె మీద ఇంకా చిన్నగా కనిపించింది. కొంగు చివర ఆ ముడి ఉందో లేదో నాకు కనపడలేదు.

ఈయనకు మిర్యాలగూడ బదిలీ అయింది. వచ్చేశాం. పాపను నిద్రపుచ్చేటప్పుడు పాడాలని చూశాను. ఒక ముక్క అంటాను. అనగానే వంత కోసం ఆగుతాను. ఎవరూ అనరు. పక్క గదిలో ఈయన పుస్తకం తిప్పుతారు. అక్కడితో ఆగిపోయేది.

నిన్నటిదాకా.

పాట అయిపోయాక, ఎత్తుకున్నామెను అడిగాను, ఈ పాట ఎక్కడిదని. ఇంటాయనకు మేనత్త. నోరు బాగా ఉన్న మనిషి.

"మా అమ్మమ్మ పాడేది," అంది.

"ఏందక్కా, మీ అమ్మమ్మా?" అని ఇంకొకామె లేచింది. "గది మా అమ్మమ్మ పాట. మా సిన్నప్పటి సంది ఇంటున్న."

"నీ సిన్నప్పుడు మీ అమ్మమ్మకు నోరెక్కడిది, ఎప్పుడు సూసినా పొగాకు దంచుకుంట కూసునేది!"

"మీ అమ్మమ్మ మాత్రం? మూగముండ!"

నవ్వులు. ఒక ముసలామె, పాలు పొంగడమంటే ఇంట్లో సిరి పొంగడమని మా అందరికీ అర్థం చెప్పింది. చివరికి, మిల్లులో వడ్లు చెరగడానికి పోయే ఒక చిన్నపిల్ల అసలు సంగతి బయటపెట్టింది.

"ఏం అమ్మమ్మలో ఏమో! పోయిన ఎండకాలం మిల్లుకాడికి సూర్యాపేట దిక్కు వడ్లబండ్లు వచ్చినయి గద. గాళ్ల ఆడోళ్లు పాడంగ నేనే నేర్చుకొని వచ్చి మీకు చెప్పిన. గాళ్లను అడుగుతె గాళ్ల అమ్మమ్మదే అన్నరు."

సూర్యాపేట బండ్లు. కొట్టానికి అటువైపు మైదానం. ఎడ్లను విడిచి, పొయ్యి రాజేసుకుని, అన్నం ఉడికేదాకా కూర్చునే ఆడవాళ్లు. నేను ఈ పక్క గోడనే చూశాను. ఆమెకు ఆ పక్క గోడ కూడా ఉంది. జర గట్టిగ అను, నాకినపడుతది గని గట్టిగ అను. ఎన్నిసార్లు అంది! ఆమె పిలుపు, నా వంత, నా పాలు, అన్నీ బండ్లెక్కి ఈ ఊరు వచ్చాయి. మేము రాకముందే వచ్చాయి.

తొట్లె మళ్లీ ఊపారు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. గోడకు ఆ పక్క. సూడని బిడ్డమ్మ. ముక్కు నాయినదట అనే దగ్గర ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. పాలు పొంగాయి. అక్కడితో పాట ఆపి, మేనత్త హారతి పళ్లెం అందుకోబోయింది. వాళ్లకు అంతవరకే తెలుసు. చివరిది ఊపిరితో అన్నది. బండ్లు లేని రోజు అన్నది.

పాప నా ముఖంలోకి చూసింది. కూర్చున్నచోట నుంచే ఎత్తుకున్నాను. గొంతు పగిలింది. శ్రుతి ఎటో పోయింది.

నడక వచ్చినాక ఉయ్యాలో
నా దిక్కు రావమ్మ ఉయ్యాలో

అందరూ తిరిగి చూశారు. తర్వాత ఆ మిల్లు పిల్ల ఉయ్యాలో అంది. అప్పుడు అందరూ అన్నారు. గట్టిగా అన్నారు.

"గిది మాకు తెల్వదు," అంది మేనత్త నా పక్కన వచ్చి కూర్చుని. "నీకెట్ల తెల్సు పంతులమ్మా?"

"మా అమ్మమ్మ పాడేది," అన్నాను.

"అగో, నీకూ అమ్మమ్మేనా! ఏ ఊరు?"

"సూర్యాపేట."

"ఉన్నదా?"

"లేదు. పోయింది."

"పెద్ద పానమేనా? నిండుగ బతికిందా?"

పాప నా ఒడిలోంచి జారి, గడప పట్టుకుని నిలబడటానికి చూస్తోంది. పడకుండా ఒక చెయ్యి వెనక పెట్టాను.

"ఆ," అన్నాను. "నిండుగా బతికింది."